చౌకయాత్రలో కొసరు

మా కళాశాలలో ఈ మధ్యనే వివాహమైన యువ అధ్యాపకుడొకడు భార్యాసమేతముగా మా యింటికి వచ్చెను. దక్షిణ అమెరికాలోని లాపాజ్ నగరమునకు వీపున సంచులు తగిలించుకొని పోదలచితిమనియు, అచ్చట ఇద్దరు మనుష్యులు దినమునకు ఎంతలో గడుపుకొనవచ్చునో చెప్పుమనియు అడిగెను. 2018 వేసవి సెలవులలో నేనును నా భార్యయు బొలీవియా దేశమునకు పోయి, ఆ నగరమున పండ్రెండు దినములు ఉండి వచ్చిన సంగతి మా మిత్రులందరు ఎరిగినదే. ఆనాటి జమాఖర్చుల పుస్తకము నా బల్ల సొరుగులో పదిలముగా ఉండెను. దానిని తీసి ఆ పిల్లవాని చేతిలో పెట్టినచో అతని ప్రశ్నకు సమాధానము దొరకెడిది. కాని నాకు చేయి రాలేదు. అందలి అంకెలు అబద్ధములు కావు. అంకెలకు ఎక్కని ఖర్చు ఒకటి ఆ ప్రయాణములో జరిగినది. దానిని ఎవరు చెల్లించిరో ఆ పుస్తకము చెప్పదు.

చౌకగా దేశములు తిరుగుటను నేను చులకన చేయుటలేదని ముందుగా మనవి చేసికొనుచున్నాను. మజిలీ మజిలీకి లెక్క చూచుకొనుట మన వాఙ్మయమునకు కొత్త కాదు. మదరాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయలుదేరి, ఏ ఊరిలో ఏ సామాను దొరకునో, ఏ దారి ఎట్టిదో ఓపికగా వ్రాసిపెట్టిరి. అట్టి సంగతులు వ్రాయుట చిన్నతనమని ఆయన తలపలేదు. కారులో కూర్చుండి పోవువానికి అద్దములోనుండి కనబడు ఊరు వేరు. పదిమంది మోకాళ్లు తగులుచుండగా మినీబస్సులో పోవువానికి కనబడు ఊరు వేరు. ఈ రెండవదియే నిజమైన ఊరని నా అభిప్రాయము. కావున ఆ యువదంపతులు వీపున సంచితో పోదుమనుటలో నాకు ఆక్షేపణ లేదు. నాకు గల ప్రశ్న ఒక్కటే. మిగిలిన ఆ డబ్బు ఎవరి వంతునుండి మిగిలినది?

ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదువుటచేత పుట్టినది కాదు. నా భార్య లాపాజ్ నడివీధిలో వాంతి చేసికొన్న ఉదయమున పుట్టినది.

ఆ నగరమును చూడనివారికి దాని స్వరూపము చెప్పుట కొంచెము కష్టము. ఒక పెద్ద మూకుడును ఊహించుకొనవలెను. ఆ మూకుడు లోపలి గోడలనిండ అడుగునుండి అంచువరకు ఎర్ర ఇటుకల యిండ్లు అతికించినట్లుండును. 1548లో స్పెయినువారు స్థాపించిన ఊరు ఇది. పైన మైదానములో వీచు చలిగాలికి వెరచి ఈ లోయలోనికి దిగి కాపురముండిరి. ఊరి నడుమభాగము సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊటీ ఎత్తు 2,240 మీటర్లే అనుకొన్నచో పోలిక తెలియును. మూకుడు అంచుమీద ఎల్ ఆల్టో అను మరియొక మహానగరము; విమానాశ్రయము అచ్చటనే, 4,061 మీటర్ల ఎత్తున. లోకములో సాధారణముగా ధనికులు కొండమీద మేడలు కట్టుకొందురు, పేదలు పల్లములో ఉందురు. ఇచ్చట అంతయు తలక్రిందు. గాలి కొంచెము చిక్కగాను, చలి కొంచెము తక్కువగాను ఉండు అడుగుభాగమున ధనికులు. గాలి పలుచనైన అంచున పేదలు. ఆ ఊరిలో ఊపిరికి కూడ ధర కలదు.

మేము అచ్చటికి పోవుటకు కారణము ఘనమైనది కాదు. మా అమ్మాయి అప్పుడు అమెరికాలో చదువుచుండెను. దానిని చూడబోయి, ఇంతదూరము వచ్చితిమి గదా అని, దక్షిణ అమెరికాలో చౌకదేశము ఏదని వెదకి, నేను బొలీవియాను ఎన్నుకొంటిని. ఆ యేట ఒక బొలీవియానో మన పది రూపాయలకు కొంచెము తక్కువ. ఇద్దరికిని కలిపి దినమునకు 200 బొలీవియానోలు దాటరాదని నియమము పెట్టుకొంటిని. 'పెట్టుకొంటిని' అని ఏకవచనము బుద్ధిపూర్వకముగనే వాడుచున్నాను. మా ఆవిడను నేను అడుగలేదు.

పెరూ రాజధాని లిమానుండి బయలుదేరి వేకువజామున విమానము దిగితిమి. జూన్ నెల అచ్చట నడి శీతకాలము. విమానాశ్రయము తలుపు దాటునప్పటికే మా ఆవిడ గోడకు చేయి ఆనించి నిలిచెను. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉండుదానిలో మూడింట రెండువంతులు కూడ ఉండదు. గుంటూరులో పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకు ఒక్కమారుగా అది ఎట్లు సరిపడును? బయట టాక్సీవాడు 70 బొలీవియానోలు అడిగెను. మినీబస్సులో మనిషికి అయిదు.

"కాళ్లు తేలిపోతున్నాయండీ, టాక్సీ పిలవండి" అన్నది ఆమె.

"మనం బస్సులోనే పోదాం. ముప్పావు గంట ఓర్చుకో" అంటిని నేను.

మూడు దశాబ్దములకు దగ్గరగా తెలుగు వ్యాకరణము చెప్పుచున్నవాడను. 'మనము' అనినచో ఎదుటివానిని కూడ కలుపుకొని చెప్పుట, 'మేము' అనినచో వానిని మినహాయించి చెప్పుట అని ఏటేట పిల్లలకు బోధించువాడను. నేను ఆనాడు ఉపయోగించిన 'మనము' వ్యాకరణరీత్యా నిర్దుష్టము, అర్థమురీత్యా అసత్యము. అందులో ఆమె లేదు. నేను అనవలసినచోట మనము అంటిని.

మినీబస్సులో ఒక పిల్లవాడు కిటికీలోనుండి తల బయటపెట్టి, బస్సు పోవు పేటల పేర్లను రాగయుక్తముగా, ఊపిరి తిరుగకుండ చదువుచుండెను. ఆ నగరపు బస్సులలో ఇది ఒక వృత్తి. నాకది ఎంతో ముచ్చటగా తోచినది. పక్కన కూర్చున్నావిడ తల రెండు చేతుల పట్టుకొన్న సంగతి ఆ ముచ్చటలో చూడనైతిని. సాన్ ఫ్రాన్సిస్కో దేవాలయము ముంగిట దిగితిమి. అచ్చటనుండి నేను కుదిర్చిన బస సగార్నాగా వీధి ఎక్కిన తరువాత ఇంకొక నిట్టనిలువు సందులో, నాలుగవ అంతస్తున. లిఫ్టు లేదు. అందుచేతనే చౌక. ఆ సంగతియు నాకు ముందే తెలియును.

వీధి మొదటనే ఆమె కూలబడి వాంతి చేసికొనెను.

అచ్చట కాలిబాటమీద ఒక స్త్రీ పెద్ద పాత్రలో ఏదో వేడినీరు పెట్టుకొని అమ్ముచుండెను. గుండ్రని టోపీ, కుచ్చెళ్లు పోసిన పావడ, వీపున రంగురంగుల దుప్పటిమూట. అయ్మారా జాతి స్త్రీల వేషము అది. ఆమె లేచి, మూటను విప్పి, దుప్పటిని మడిచి మెట్టుమీద పరచి, మా ఆవిడను దానిమీద కూర్చుండబెట్టెను. గ్లాసులో కోకా ఆకులు వేసి నీరు పోసి చేతికిచ్చెను. రెండు వేళ్లు చూపెను, రెండు బొలీవియానోలు. ఇచ్చితిని. పేదలు పరోపకారముచేసి డబ్బు పుచ్చుకొనరని ప్రయాణగ్రంథములలో తరచుగా చదువుదుము. ఆమె పుచ్చుకొనెను. అమ్ముకొన వచ్చినది, అమ్మెను. అందులో తప్పేమి? గ్లాసు ఖాళీ అయిన పిమ్మట మరల సగమువరకు నింపెను. నేను నాణెము తీయబోగా చేయి అడ్డముపెట్టి "యాపా" అనెను. అది ఆ పానీయము పేరని తలచి, ఆ రాత్రి నా పుస్తకములో మొదటి పద్దుగా "యాపా – 2" అని వ్రాసికొంటిని.

కోకా ఆకును గూర్చి ఒకమాట. దానినుండి తీయు మత్తుమందు పేరు విని మనవారు ఉలికిపడుదురు. కాని ఆకు వేరు, మందు వేరు. అచ్చటి కొండవాసులు ఆ ఆకును బుగ్గన పెట్టుకొని, కొంచెము బూడిదక్షారము చేర్చి నములుదురు. మనము తమలపాకునకు సున్నము చేర్చినట్లే. ఆకలి, అలసట, కొండ తలనొప్పి దానితో తగ్గునని వారి అనుభవము. ఆ దేశములో అది న్యాయసమ్మతమే. మన దేశమునకు తెచ్చుట మాత్రము నేరము. సంచిలో ఒక్క ఆకు కూడ మిగులకుండ దులుపుకొని రావలెను.

నాలుగు అంతస్తులు ఎట్లెక్కితిమో చెప్పను. గదిలో చలి కాచుకొను సాధనము లేదు. స్నానపుగదిలో నీటిజల్లుకే కరెంటు తీగ తగిలించి ఉన్నది. అది ఆ ఊరి చౌకబసలన్నిటిలోను మామూలే. మూడు రాత్రులు ఆమె కూర్చుండియే నిద్రపోయెను. రెండవ నాటి ఉదయము పిలిపించిన వైద్యుడు ఆమె వ్రేలికి చిన్న యంత్రము తగిలించి చూచి, నావైపు తిరిగి స్పానిషులో ఏమో అనెను. మాట తెలియలేదు. చీవాట్లని మాత్రము తెలిసినది. ఎత్తైన ఊరికి పోవువారు మొదటి రెండుదినములు మెట్లెక్కరాదు, బరువు మోయరాదు, వీలైనంత పల్లమున నిద్రింపవలెను, ముందుగా తమ వైద్యుని అడిగి మందు తెచ్చుకొనవలెను. ఇవన్నియు నేను ముందు చదివియుంటిని. చదివియు, టాక్సీకిని బస్సుకును గల 60 బొలీవియానోల భేదమును, అనగా మన ఆరువందల రూపాయలను, మిగిల్చితిని. ఆ ఆరువందలు నా జేబులో పడినవి. వాని వెల ఆమె శరీరము చెల్లించినది. దంపతులలో ఒకరు చేయు పొదుపు రెండవవారి పద్దుక్రింద పడుట మన సంసారములలో కొత్తకాదు. ఇంటివద్ద అది కనబడదు. పరాయి ఊరిలో, పరిచితులు లేనిచోట, దాని ముఖము ఎదుటనే కనబడును.

కోలుకొన్న తరువాత ఆమె నన్ను నిందింపలేదు. నిందించినచో బాగుండెడిది. నేను కొంచెము ధైర్యము తెచ్చుకొని బయటకు పోయి, ఆమెకు వెచ్చగా ఉండునని సగార్నాగా వీధిలో ఒక అల్పాకా ఉన్ని శాలువ కొంటిని. అమ్మిన ముసలామె 120 అనెను. నేను వెనుదిరిగి పోవునట్లు నటించి, రెండుమార్లు తిరిగివచ్చి, 70కి తెచ్చితిని. గదిలోనికి వచ్చి ఆ విజయమును వర్ణించితిని.

"ఆవిడే అల్లిందా?" అని అడిగినది మా ఆవిడ.

"అవును, నేను పోయేసరికి మరొకటి అల్లుతూ ఉంది."

"ఎన్నాళ్లు పడుతుందో అడిగారా? మన వీధిలో నేను గాజులవాడితో బేరమాడితే, పరువు తక్కువ, ఊరుకోమని మీరే అంటారు కదా!"

దీనికి సమాధానముగా నేను చెప్పినదే నేటికిని ఎల్లరును చెప్పుదురు. అచ్చట బేరము ఆచారము. వారు రెట్టింపు చెప్పుదురు. బేరమాడకున్న మనలను వెర్రివారనుకొందురు. పైగా ఎక్కువిచ్చినచో తరువాత వచ్చువారికి ధర పెంచినవారమగుదుము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. యాత్రికుని చూచి ధర పెంచువారు ఆ వీధిలోను ఉందురు, మన క్షేత్రములలోను ఉందురు. వారితో బేరమాడుట తప్పని నేను ఇప్పటికిని అనను. కాని ఆ ముసలామె విషయములో జరిగినదేమి? నేను పోగలవాడను, ఆమె పోలేదు. సాయంకాలమగుచున్నది, అంతవరకు బేరము లేదు. నేను వెనుదిరిగి నడచిన ప్రతిమారును ఆమె ధర దిగినది. అది నా తెలివికి వచ్చిన తగ్గింపు కాదు. ఆమె అవసరమునకు నేను కట్టిన వెల.

ఇంతకంటె మేలైన మార్గము ఆ ఊరిలోనే ఉన్నది. దానిని కనుగొన్నది నేను కాదు. నాలుగవ దినమున మా ఆవిడ తానే బయలుదేరెను. స్పానిషు నాకు నలుబది మాటలు తెలియును, ఆమెకు ఒక్కటియు తెలియదు. రోడ్రిగెజ్ వీధి సంతలో ఒక కమలాపండ్ల గుట్ట ముందు నిలిచి, అమ్ముస్త్రీ చెప్పిన పది బొలీవియానోలు మారుమాటలేక ఇచ్చి, పండ్లు సంచిలో పోయించుకొని, సంచి మూతి మూయక అట్లే పట్టుకొని నిలుచుండెను. మన కూరగాయల అంగడిలో ఆడవారు నిలుచునట్లే. ఆ స్త్రీ ఆమెను ఒక్కక్షణము చూచి, నవ్వి, మరి రెండు పండ్లు సంచిలో వేసి "యాపా, కసెరీత" అనెను.

"కొసరండీ!" అన్నది మా ఆవిడ నావైపు తిరిగి.

నా పుస్తకములోని మొదటి పద్దు తప్పని నాకు అప్పుడు తెలిసినది. యాపా అనునది పానీయము కాదు. ఆండీస్ కొండలలోని కెచువా భాషలో దానికి చేర్చుట, కలుపుట అని అర్థము. కొలత పూర్తియైన తరువాత అమ్మువారు తమంత తాము వేయు అదనపు చారెడు. మన కొసరు. నా భార్యకు ఆ సగము గ్లాసు తేనీరు కొసరుగా వచ్చినది.

కసెరా అను రెండవ మాట అంతకంటె చక్కనిది. స్పానిషులో ఇల్లు అను మాటనుండి పుట్టినది. సంతలో కొనువారు అమ్ముదానిని కసెరా అందురు, అమ్మునది కొనుదానిని కసెరా అనును, ముద్దుగా కసెరీత. ఇద్దరికిని ఒకే పిలుపు. మనము వాడుకపాలు, వాడుకమనిషి అనుటలో గల వాడుకయే అది. ఒకమారు కసెరా ఐనచో మరునాడును అచ్చటనే కొనవలెను. పక్క అంగడిలో కొన్నచో నిష్ఠురము. దానికి ప్రతిగా ఆమె కుళ్లిన పండు వేయదు, కొసరు మరువదు. బేరములో ధర తగ్గించునది కొనువాడు. కొసరులో అదనమెంతో నిర్ణయించునది అమ్మునామె. కొనువాని చేతికి వచ్చు లాభము రెండింటను ఇంచుమించు ఒక్కటే కావచ్చును. కాని ఒకచోట ఎదుటిమనిషి తల వంచవలెను, మరియొకచోట చేయి చాచి ఇచ్చును. చౌకయాత్రకు ఇంతకంటె మర్యాదయైన దారి నాకు తెలియదు.

ఆ దినమునుండి జమాఖర్చుల పుస్తకము మా ఆవిడ పుచ్చుకొనెను. మొదట బస మార్చెను. అదే వీధికి దిగువన, నేలగది, 60 బొలీవియానోలు అధికము. శాలువ అమ్మిన ముసలామె వద్దకు నన్ను వెంటపెట్టుకొని పోయి, మరియొక శాలువ, మా అమ్మాయికి, ఆమె అడిగిన ధరకే కొనెను. కొసరుగా ఒక చిన్న ఉన్నిబొమ్మ వచ్చినది. తరువాత ఆమె లెక్క చూచి, "ఇంక తగ్గించవలసింది ఎక్కడ?" అని నన్నడిగెను. తగ్గించుటకు మిగిలినది ఒక్కటే. ఉయూని ఉప్పుమైదానము. సుమారు పదివేల చదరపు కిలోమీటర్ల తెల్లని ఉప్పునేల. ప్రపంచమున అంతటిది వేరొకటి లేదు. దానిని చూడవలెనని నాకు ఎన్నియేండ్ల కోరికయో. మూడుదినముల ప్రయాణము, ఇద్దరికి ఖర్చు. పైగా అదియు ఎత్తైన చోటు. "వద్దులే" అంటిని. ఆ ప్రయాణమంతటిలో నేను నిజముగా చేసిన పొదుపు ఆ ఒక్కటియే. ఎందుకనగా అది నా వంతునుండి పోయినది. ఉయూని చూడలేదన్న విచారము నాకు నేటికిని కలదు, దాచుట యెందుకు?

మిగిలిన ఎనిమిది దినములు మేము చూచినదంతయు చౌకయే, ఒకరిని నొప్పింపని చౌక. 2014లో ఆ నగరమున ఆకాశమార్గమున తీగలపై పోవు బండ్లు నడుపుట ఆరంభించిరి. విహారార్థము కట్టినవి కావు. ఎల్ ఆల్టోలో ఉండి లోయలో పనిచేయు జనము గంటలకొలది కొండదారిలో చిక్కుకొనకుండుటకు కట్టిన ప్రజావాహనము. మూడు బొలీవియానోలకు మేమును వారి నడుమ కూర్చుండి, ఇండ్ల కప్పులమీదుగా, ఆరవేసిన బట్టలమీదుగా, 6,400 మీటర్లకు మించిన ఇల్లిమాని మంచుకొండ ఎదుట నిలువగా, అంచువరకు పోయితిమి. యాత్రికుల కొరకు వేరుగా నడుపు బస్సులో ఇంత కనబడదు. ఎల్ ఆల్టోలో గురు ఆదివారములందు జరుగు సంత చూడబోయి దారి తప్పితిమి. అది పెద్ద కథ, ఇచ్చట వద్దు. పార్లమెంటు భవనముమీద 2014లో అంకెలు తిప్పి పెట్టిన, ఎడమవైపునకు నడచు గడియారమును చూచి నవ్వుకొంటిమి.

మధ్యాహ్నము సంతలోని బల్లలమీద వరుసభోజనము. ముందు సూపు, తరువాత పళ్లెము. శాకాహారులకు అచ్చట కొంచెము కటకట. కీన్వా సూపులోను మాంసపునీరు ఉండునేమో అడిగి తెలుసుకొనవలెను. కాని ప్రతి బల్లమీదను లఖ్వా అను పచ్చడి ఉండును. టమాటా, లొకోతో అను మిరపకాయ, ఒక ఆకు, ఉప్పు. అన్నియు రాతిమీద నూరినవి. దానిని నోట పెట్టి మా ఆవిడ ఆరుదినముల తరువాత మొదటిమారు ఆకలి అన్నది. గుంటూరువారికి మిరపకాయను గూర్చి గర్వము జాస్తి. ఆ కాయ పుట్టినిల్లు ఈ ఖండమే. టమాటాయు, బంగాళాదుంపయు, మన రాయలసీమ మెట్టచేల వేరుసెనగయు ఈ ఖండపు సొత్తే. చున్యో అను ఎండుదుంపను గూర్చియు చెప్పవలెను. రాత్రి మంచులో దుంపలను పరచి గడ్డకట్టించి, పగలు కాళ్లతో త్రొక్కి నీరు పిండి, ఎండబెట్టుదురు. ఏండ్ల తరబడి నిలువయుండును. మన వరుగులకు దాయాది. రుచి మాత్రము మాకు పట్టలేదు.

ఎక్కడివారని అడిగినవారికి మనదేశపు పేరు చెప్పునప్పుడు జాగ్రత్త కావలెను. కొలంబసు పొరపాటుచేత ఆ జనమునకు అంటిన ఇండియో అను మాట అచ్చట తిట్టు. 1952 విప్లవమునకు ముందు వారికి ఓటులేదు. నగరపు నడికూడలిలో యథేచ్ఛగా తిరుగు స్వాతంత్ర్యము కూడ లేకుండెను. మనవారిని, ఏ మతమువారినైనను, హిందూ అందురు. 2009 రాజ్యాంగము స్పానిషుతోపాటు 36 దేశీయభాషలను అధికారభాషలుగా అంగీకరించినది. వానిలో అయ్మారా ఒకటి. ఇంటికి వచ్చిన తరువాత నేను ఆ భాషా వ్యాకరణమును కొంత చదివితిని. స్పానిషులో లేని ఒక భేదము అందు కలదు. ఎదుటివారిని కలుపుకొని చెప్పు 'మనము' జివస. మినహాయించి చెప్పు 'మేము' ననక. ప్రపంచమునకు ఆవలిగట్టున, మన భాషతో ఏ చుట్టరికమును లేనివారు, మనవలెనే ఈ రెంటిని వేరుపరచుకొనిరి. విమానాశ్రయము ముంగిట నేను పలికిన 'మనము' అయ్మారా వ్యాకరణములోను తప్పు కాదు. అయ్మారా స్త్రీ విన్నను నవ్వియుండెడిదే.

ఇవన్నియు 2018 నాటి మాటలు. 2023నుండి బొలీవియాలో డాలర్లకు కరవు వచ్చినది. ప్రభుత్వపు ధర ఒకటి, వీధిలోని ధర ఒకటి. 2025 మధ్యనాటికి వీధిధర రెట్టింపును దాటినది. పెట్రోలు కొరకు బండ్లు బారులు తీరినవి, సంతలో ధరలు మండినవి. అప్పుడు ప్రయాణీకులు ఒకరికొకరు చెప్పుకొన్న మాట ఏమి? డాలరు నోట్లు తీసికొనిపొండు, ఆ దేశము సగము ధరకే దొరకును అని. ఈ మాట మా కళాశాల విశ్రాంతిగదిలోనే నేను వింటిని. అమ్ముకొనువారికి రూకలు చాలని కాలమున, వచ్చువానికి చౌక. నాలుగు అంతస్తుల మెట్లవద్ద మా ఇద్దరినడుమ జరిగినదే, అచ్చట ఒక జాతికిని రెండవ జాతికిని నడుమ జరిగినది. పోవద్దని నేననను. పోనిచో ఆ సంతలోని కసెరాకు వచ్చు పది బొలీవియానోలును రావు. పోయి, ఆమె చెప్పిన ధర ఇచ్చి, సంచి మూతి తెరచి నిలువవలెను. ఖర్చు అధికమగునందురా? రెండుదినములు తక్కువ ఉండి రావచ్చును. ఒక చూడదగినదానిని చూడక విడువవచ్చును.

మా యింటికి వచ్చిన దంపతులతో నేను ఇంత చెప్పలేదు. యువకుడు కలము, కాగితము పట్టుకొని కూర్చుండెను. నేను ఎచ్చటనుండి మొదలిడవలెనో తెలియక ఏనుగుల వీరాస్వామయ్యగారిని గూర్చి ఏదో చెప్పుచుంటిని. ఇంతలో మా ఆవిడ లోపలినుండి వచ్చి, సొరుగు లాగి, పుస్తకము తీసి, అతని చేతికి గాక ఆ పిల్ల చేతికిచ్చెను.

"మొదటి రాత్రి టాక్సీయే ఎక్కండమ్మా. గది నేలమీద తీసుకోండి. ఇతను వద్దన్నా సరే" అన్నది.

ఆ పిల్ల మొదటి పుట తెరచి, "యాపా అంటే ఏమిటండీ, పిన్నిగారూ?" అని అడిగెను. మా ఆవిడ ఆమె పక్కన కూర్చుండెను. నేను కాఫీకి నీరు పెట్టుటకు లోపలికి పోతిని.